వెర్నా సీసాల్లో బూజు

సోమవారం ఉదయం ఆరు నలభైకి ఓరిన్ పికెట్‌ను అంబులెన్స్ ఎక్కించారు. పెదాలు నీలం. ఊపిరి ఈల వేస్తోంది.

సాయంత్రానికి ఆస్పత్రి డాక్టర్ పోలీసులకి, అంటే షెరీఫ్ ఆఫీసుకు, ఫోన్ చేశాడు. ఊపిరితిత్తుల్లో బూజు. మామూలు మనిషైతే దగ్గి ఊరుకునేవాడు. కేన్సర్ మందులతో ఒళ్ళు గుల్లయిన ఓరిన్‌కి అది ప్రాణాంతకం. వాంతులు ఆగడానికి అతను రోజూ పీల్చే గంజాయి మీదే డాక్టర్ అనుమానం.

ఆ గంజాయి పెంచేది అతని భార్య వెర్నా.

మంగళవారం డిటెక్టివ్ ఐనెస్ సిల్వీరా కొండదారి ఎక్కేసరికి వెర్నా గేటుకి అడ్డంగా నిలబడి ఉంది. డెబ్బై దాటిన మనిషి.

"హెలికాప్టర్ ఏదీ? పాత రోజుల్లో మా గంజాయి మొక్కలు పీకడానికి దాన్లోంచే దూకేవాళ్ళుగా మీ పోలీసులు!"

"ఇప్పుడు ఇంటికి ఆరు మొక్కలు చట్టమే ఒప్పుకుంది. నేను మొక్కల కోసం రాలేదు."

"తెలుసులే. మొగుణ్ణి నేనే చంపబోయానని రాసుకోడానికొచ్చావు."

"చంపబోయారా?"

వెర్నా ఆమె బూట్ల పక్కన ఉమ్మింది. "లోపలికి తగలడు."

నేలమాళిగ చల్లగా ఉంది. అర మీద పన్నెండు గాజు సీసాలు. అన్నీ నిండుగా. ఐనెస్ ఒక మూత తీసింది. తడిగడ్డి కుళ్ళిన కంపు.

"సీసాలు మీవేనా?"

"సీసాలు నావి. సరుకు నాది కాదు. నా పువ్వు నారింజ తొక్క వాసనేస్తుంది. ఇది పచ్చిగా ఉండగానే ప్లాస్టిక్‌లో కుక్కిన సరుకు. చెమట పట్టి కుళ్ళింది. ఎవడో మార్చేశాడు. నిన్నటి నుంచి ప్లాస్టిక్, ప్లాస్టిక్ అని కొండంతా వినబడేలా అరుస్తూనే ఉన్నా."

"ముందే ఎందుకు కనిపెట్టలేదు?"

వెర్నా గొంతు మొదటిసారి తడబడింది. "ఫ్లూతో మంచంలో పడున్నా. ఆయనే దిగొచ్చి తీసుకునేవాడు. మందుల దెబ్బకి ఆయన ముక్కుకి ఏ వాసనా తెలీదు."

"ఇల్లు ఎప్పుడైనా ఖాళీగా ఉందా?"

"నెల మొదట్లో రెండ్రోజులు ఆస్పత్రిలో ఉన్నాం. తాళం వెయ్యలేదు. ఈ కొండ మీద ఎవరూ వెయ్యరు."

"ఎవరి మీద అనుమానం?"

"ఇంకెవడి మీద? గాల్ట్! ఇరవై ఏళ్ళుగా నా వాగు నీళ్ళు మళ్ళించుకునే దొంగ వెధవ. వాడే ప్లాస్టిక్ సంచుల్లో దాస్తాడు."

పక్క కొండ మీద గాల్ట్ కుక్కని గొలుసుతో పట్టుకునే మాట్లాడాడు.

"ఆ ముసలిది నా పేరు చెప్పిందా? వాన పడకపోయినా నా పేరే చెప్తుంది."

"మీ సరుకు చూపించండి."

ఇనప డ్రమ్ము మూత లేపాడు. లోపల మూతులు బిగించిన ప్లాస్టిక్ సంచులు. పువ్వులు పొడిగా గలగలలాడాయి. బూజు లేదు. నారింజ తొక్క వాసన.

"ఇది వెర్నా పువ్వే కదా?"

"మొక్క ఒకటే. తగాదా రాకముందు ఓరిన్ కొమ్మ కోసిచ్చాడు. మంచోడు, పాపం."

"సంచుల్లో బూజు పట్టదా?"

"పుల్ల టక్కున విరిగేదాకా ఎండబెడతా. తడిగా పెడితే సంచైనా సీసా అయినా ఒకటే, కుళ్ళుతుంది. అయిందా? కుక్కని వదలనా?"

వెర్నా స్థలంలోనే, దిగువన, ఓరిన్ చెల్లెలి కొడుకు లైల్ ట్రెయిలర్‌లో, చక్రాల మీది ఇంట్లో, ఉంటాడు. ఆ రోజు నవ్వుతూ పలకరించింది అతనొక్కడే. కాఫీ ఇచ్చాడు.

"నా పంట కూడా అత్తయ్య మొక్కదే. వసంతంలో కొమ్మ తెచ్చుకున్నా. అక్టోబర్‌లో కోసి ఎండబెట్టినప్పటి నుంచి ఈ సీసాల్లోనే మాగబెడుతున్నా. రోజూ మూత తీసి గాలి తగిలిస్తా."

"ఈ సీసాల్లోనేనా?"

"వీటిల్లోనే."

ఐనెస్ ఒక పువ్వు వాసన చూసింది. తర్వాత మూత వాసన చూసింది. కాఫీ కప్పు పక్కన పెట్టింది.

"వీటిని పైకి పట్టుకురా. నాలుగింటికి. మీ అత్తయ్య వంటింటికి."

నాలుగింటికి వెర్నా, గాల్ట్, లైల్ బల్ల చుట్టూ కూర్చున్నారు. మధ్యలో లైల్ తెచ్చిన సీసాలు. గాల్ట్‌ని చూడగానే వెర్నా కుర్చీ వెనక్కి జరిపింది.

"దొంగని నా పక్కన కూర్చోబెడతావా?"

"గాల్ట్ గారూ, ఈ పువ్వు వాసన చూడండి."

"నారింజ తొక్క."

"ఇప్పుడు ఈ మూత."

గాల్ట్ మొహం చిట్లించాడు. "వెనిగర్. వెల్లుల్లి. దోసకాయ ఊరగాయ సీసా ఇది."

"అవును. మూత లోపలి పొర వాసనని పట్టుకుంటే ఎంత కడిగినా వదలదు. మా అమ్మ ఒకసారి ఇలాంటి సీసాలో వెన్న పెట్టింది. వారానికి వెన్నంతా వెల్లుల్లి. ఈ పువ్వు అక్టోబర్ నుంచీ ఇందులో ఉంటే, ఇంకా నారింజ వాసన ఎలా వస్తోంది?"

లైల్ నవ్వు ఆగిపోయింది.

"మీ అత్తయ్య ప్లాస్టిక్ అని అరిచాక, సంచులు కనిపిస్తే దొరికిపోతానని, నిన్న నువ్వు సంచుల్లోంచి తీసి హడావుడిగా వీటిల్లో పోశావు. గాల్ట్ సంచులన్నీ నిండుగా ఉన్నాయి, ఆయన సరుకు పోలేదు. మరి ఇది ఎవరి పువ్వు లైల్?"

ఐనెస్ సీసాని అతని ముందుకి జరిపింది.

"ఎవరిది?"

"శుక్రవారం లైసెన్స్ ఉన్న గంజాయి తోటవాళ్ళు నా పంట చూడ్డానికొస్తామన్నారు," లైల్ గొంతు పీలగా వచ్చింది. "ఉద్యోగం ఇస్తామన్నారు. నాదంతా ప్లాస్టిక్ తొట్టెల్లో చెడిపోయింది. అత్తయ్య సరుకు తీసుకుని ఆ సీసాల్లో నాది పోశా. అత్తయ్యకి తేడా తెలీదనుకున్నా. మామయ్యకి ఇలా అవుతుందని నాకు తెలీదు!"

"తెలుసు," అంది వెర్నా.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"తొట్టెల్లో కంపు కొడుతోంది, ఏం చెయ్యనని నన్నే అడిగావు. కాల్చెయ్యి, ఆ పొగ కూడా మీ మామయ్య వైపు రానివ్వకు, చచ్చిపోతాడు అన్నా. ఇదే బల్ల దగ్గర. నా చేతి సూపు తాగుతూ విన్నావు. కాల్చేశావనే అనుకున్నా."

 ఐనెస్ లైల్ చేతులు వెనక్కి తిప్పి బేడీలు వేసింది.

గాల్ట్ లేచాడు. "నన్ను దొంగన్నావుగా. తప్పైందని ఒక్క మాట అనవా?"

"వాగు వదిలినప్పుడు అంటా. ఫో."

ఐనెస్ గుమ్మం దగ్గర ఆగింది. "రేపు స్టేట్‌మెంట్ ఇవ్వాలి మీరు."

"ఇస్తా. గేటు బయట నిలబడి అడుగు."

గురువారం ఓరిన్ నోట్లోంచి ఊపిరి గొట్టం తీశారు. ఇంకెప్పుడూ పొగ పీల్చకూడదన్నాడు డాక్టర్. ఓరిన్ కళ్ళతోనే గదంతా వెతికాడు.

"లైల్ వచ్చాడా?"

వెర్నా దుప్పటి అతని గుండెల దాకా లాగింది.

"రాలేదు. రాడు."

ఓరిన్ ఆమె మొహం చూశాడు. ఎందుకని అడగలేదు. గోడ వైపు తిరిగాడు. వెర్నా అతని వీపు మీద చెయ్యి వేసి, ఊపిరి లోపలికీ బయటికీ వెళ్తుంటే, అలాగే కూర్చుంది.