జంటగుండ్ల కాడి పిలుపు

ఇయ్యాల అద్దాల మేడలు లేచినయి గానీ, అప్పట్ల మాదాపూర్ అంటే గుట్టలు, తుమ్మ చెట్లు, నక్కల కూతలు. హఫీజ్‌పేట టేసన్ నుంచి ఊర్లెకు వచ్చే బాటల పక్కపక్కనే రెండు పెద్ద బండలు, జంటగుండ్లు ఉండేటియి. పొద్దు గూకినంక అటు పోయే మొనగాడు ఎవడు! మూసాపేట బండ్లోళ్లు చుట్టు తిరిగి పోయేటోళ్లు గానీ ఆ బాట తొక్కకపోతుండె. గుండ్ల నడుమ దీపం కదుల్తదట... ఆడగొంతు ఎవన్నో పేరు పెట్టి పిలుస్తదట. పలికినోడు నెత్తురు కక్కుకొని సస్తడట. అట్ల సచ్చినోన్ని చూసినోడు మాత్రం ఒక్కడు లేడు, అది వేరే ముచ్చట.

మా పెద్దనాయన చెప్పంగ విన్న కథ ఇది. పోలీస్ యాక్షన్ అయిన మరుసటేడు, ఐలయ్య అనే సిపాయి రాత్రి రైలు దిగిండు. మెదక్ దిక్కు మనిషి. బర్మా లడాయిల మాదాపూర్ వీరేశంతోటి ఒక్క పటాలంల ఉన్నోడు.

వీరేశం తుపాకి పట్టేటోడు కాదు, గాయాలకు పట్టీలు కట్టే దవాఖాన సిపాయి. తూటాలు కురుస్తుంటె ఐలయ్యను భుజం మీదేసుకొని తెచ్చి పండవెట్టిండు. ఇంకొకడు మిగిలిండని మల్ల పోయిండు... ఐలయ్య కండ్ల ముంగట్నే కూలిండు.

సర్కారోళ్లు వాని తల్లి నీలమ్మకు కబురు పంపిన్రు, బహదూరీకి వెండి బిళ్ల సుత పంపిన్రు. గానీ వాని ఆఖరు గడియ చూసినోడు ఐలయ్య. ఆ మాట తల్లికి నోటితోటి చెప్పకపోతె తనకు నిద్ర పట్టదని, పటాలం ఇడిచిపెట్టంగనే ఇటు వచ్చిండు.

"పొద్దుగాల పోదువులే తమ్మీ," అన్నడు టేసన్‌ల చాయ్ పోసేటాయన. "ఆ గుండ్లు మంచియి కావు."

లడాయి చూసినోన్ని, గుండ్లకు భయపడ్తనా అన్నడు ఐలయ్య. అనుడైతె అన్నడు!

గుండ్ల కాడికి రాంగనే గాలి ఆగింది. కీచురాళ్లు సుత బందయినయి. దీపం... కదిలింది... ఆగింది.

"వీ...రే...శం!"

ఐలయ్య పై ప్రాణాలు పైనే పోయినయి. సచ్చినోని పేరు! దీపం మీదికే వస్తుంది... దగ్గరికి... ఇంకా దగ్గరికి...

"వచ్చినవా బిడ్డా?"

కందీలు పైకెత్తింది ఒక ముసలామె. మొకం చూసి చెయ్యి దించేసింది. "నా వీరేశం కాదా..."

దెయ్యం లేదు, గియ్యం లేదు. ఆమెనే నీలమ్మ! కొడుకు రాత్రి రైలుకు వస్తె చీకట్ల బాట తప్పుతడని రోజు వచ్చి నిలబడ్తుందట.

"అమ్మా... నేను వీరేశం దోస్తును," అన్నడు ఐలయ్య. "సర్కారోళ్లు నీకు బిళ్ల పంపలేదా?"

ఆమె కొంగు ముడి విప్పి వాని చేతుల పెట్టింది.

"గిదా? మా ఆయన పోతె ఔసలాయనతోటి వెండి బిళ్ల మీద మొకం కొట్టిచ్చి దేవుని అర్రల పెట్టుకున్న. సచ్చినోళ్లకు గట్లనే చేస్తం గదా. చూడు కొడుకా, గిది నా వీరేశం మొకమా? గింత పొడుగు ముక్కు మా ఇంట్ల ఎవలకుంది! సచ్చినోడు వేరేటోడు. పాపం, వాని తల్లికి ఇంక ఎరికే లేదు కావొచ్చు. జర నువ్వే ఇచ్చి రా."

అది ఇంగ్లండు రాజు మొకం. అంచు మీద వీరేశం పేరు ఇంగ్లీషుల చెక్కి ఉంది. ఐలయ్య బొటనవేలు ఆ అక్షరాల మీదనే ఆగిపోయింది. ఎట్ల చెప్పాలె దేవుడా, ఏమని చెప్పాలె?

"నా కొడుకును చూసినవా?"

"చూసినమ్మా. నన్ను భుజాన వేసుకొని మోసిండు."

"ఆఁ! బతికున్నోడే గదా మోసేది!" ముసలామె మొకం వెలిగింది. "అటెన్క?"

"అటెన్క... ఇంకొకన్ని తెద్దామని మల్ల పోయిండు."

"అయితె వస్తడు తియ్యి. పని సగంల ఇడిచేటోడు కాదు వాడు."

ఐలయ్య బిళ్లను జేబుల వేసుకున్నడు. ఇన్నేండ్లు మోసుకొచ్చిన మాట చెప్పలే. నీలమ్మ మల్ల కందీలు ఎత్తి పిలిచింది. దగ్గు తెర వచ్చి ఆ పేరు సగంలనే తెగింది.

మర్నాడు మూసాపేట బండ్లోళ్లు వణుక్కుంట చెప్పుకున్నరట, జంటగుండ్ల దెయ్యానికి తోడు దొరికిందని. ఆడగొంతు ఆగినప్పుడల్ల ఒక మొగగొంతు... తెల్లారేదాంక ఏడ్చుకుంట అదే పేరు పిలిచిందని.