ఓడ దుప్పట్లు, ఆదివారం భోజనం

"ఆదివారం మా ఇంటికి భోజనానికి వస్తావా, రావా? ఒక్క మాట చెప్పు!" అంది ఎఫీ, నడుం మీద చెయ్యేసుకుని.

ఇన్నెస్ టోపీ సర్దుకున్నాడు. "వస్తా. ఎందుకు రాను?"

శుద్ధ అబద్ధం. అతని ఓడ శనివారం తెల్లారేసరికి రేవు వదిలేస్తుంది. ఆ సంగతి కన్నతల్లికి కూడా చెప్పకూడదని కెప్టెన్ హుకుం.

యుద్ధానికి ముందు ఆ ఓడలో కోటీశ్వరులు షికార్లు చేసేవారు. ఇన్నెస్ వాళ్ళకి వెండి పళ్ళాల్లో చేపలు వడ్డించేవాడు. ఇప్పుడు ఓడకి బూడిదరంగు పూసి, ఈతకొలనులో కూడా మంచాలు బిగించారు. ఒక్కో మంచం మీద సిపాయిలు వంతులేసుకుని నిద్రపోతున్నారు. డాన్సు హాలంతా బూట్ల కంపు. ఇన్నెస్‌కి మాత్రం టెక్కు తగ్గలేదు.

గ్రీనాక్ రేవులో ఆగినప్పుడల్లా మాసిన దుప్పట్లు ఎఫీ లాండ్రీకి మోసుకురావడం అతని పని. "ఇవి దుప్పట్లా, బంగాళాదుంపల గోనెలా?" అని మొదటిరోజే ఆమె కడిగేసింది. అయ్యగారు అక్కడే ప్రేమలో పడిపోయారు.

"తప్పకుండా వస్తావా?"

"ప్రామిస్!"

తడి దుప్పటి ఫట్‌మని అతని మొహాన పడింది.

"అబద్ధాలకోరూ! తడివైనా సరే, మూటలన్నీ రేపటికల్లా ఇచ్చెయ్యమని మీ ఓడవాళ్ళే కబురంపారు. అంటే ఎల్లుండి లంగరెత్తుతారు. మా లాండ్రీలో పిల్లికి కూడా తెలుసు!"

"ష్! గూఢచారులుంటారు."

"ఉంటే వాళ్ళకీ ఓ ఇస్త్రీపెట్టె ఇస్తా. ఇక్కడ మనుషులు చాలక చస్తున్నాం."

ఇన్నెస్ నవ్వాడు. ఎఫీ నవ్వలేదు. ఆమె కళ్ళు నిండిపోయాయి.

"వెళ్ళొద్దని అన్నానా? కిందటి నెల ఒక ఓడ వెళ్ళింది, మళ్ళీ రాలేదు. వాళ్ళ దుప్పట్లు ఇంకా ఆ అల్మారాలోనే ఉన్నాయి, అడిగేవాళ్ళు లేరు. రేపు నువ్వు తిరిగొస్తానంటావు. అదీ ఇలాంటి ప్రామిసే అనుకోవాలా?"

అతని టెక్కంతా దిగిపోయింది.

"తిరిగొస్తానో లేదో నాకు తెలీదు ఎఫీ. భయమేస్తోంది. నువ్వంటే నాకు ప్రాణం, అది మాత్రం నిజం. నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

పక్క బల్ల మీద ఇస్త్రీ చేస్తూ ఇంతసేపూ చెవుడు నటించిన ఎఫీ తల్లి తలెత్తింది. "రేపే వచ్చెయ్ నాయనా, భోజనానికి. రేషన్‌లో దొరికిన ఆ కాస్త మాంసం ఆదివారందాకా ఎలాగూ ఆగదు."

"అమ్మా! నేనింకా సరే అనలేదు!"

"అయితే త్వరగా అను. పెట్టె చల్లారిపోతోంది."

ఎఫీ ఏప్రన్ అంచుతో కళ్ళు తుడుచుకుని, అతని కాలరు పట్టుకుని దగ్గరికి లాగింది.

"సరే, చేసుకుంటా. కానీ తిరిగొస్తానని ప్రామిస్ చెయ్యకు. ఊరికే వచ్చెయ్, అంతే."