కానుగ చెట్టుకు కట్టిన ఉయ్యాల

ఆదివారం మధ్యాహ్నం గుడియాత్తం దాటి, పరదరామి రోడ్డులో ఉన్న చిన్న అడవి పార్కుకు వెళ్ళాం. నేనూ, నా భార్య అమరావతీ, ఐదు నెలల మా పాప వల్లీ. వారమంతా మగ్గం చప్పుడు విన్న చెవులకు అక్కడి నిశ్శబ్దం భలే హాయిగా ఉంది. ముందువైపు పిల్లలకు జారుడుబండ, బెంచీలు. వెనకవైపు విత్తనాల కోసం పెంచే కానుగ చెట్లు, ఒక్కో మానుకూ పసుపు పెయింటుతో పట్టీ.

నీడ బాగుందని అలాంటి చెట్టుకే చీరతో ఉయ్యాల కట్టాను. కాపలాదారు చెంగల్రాయలు గబగబా వచ్చాడు.

"విప్పు నాయనా. పట్టీ ఉండే చెట్టుకు ఏమీ కట్టకూడదు."

"కడితే చెట్టేమన్నా అరిగిపోతాదా?"

"పట్టీ వేసినామంటే అది అడివి సొత్తు. ఏడాదికొకతూరి పట్టీ మీద కొత్తగా పెయింటు పూస్తాము. అది ఆరేలోపల విత్తనాలు దించేస్తాము."

చెప్పి, చెట్టు వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. గేటు దగ్గర కూర్చునేవాడికి ఇంత పెత్తనమా అని నాకు ఒళ్ళు మండింది. ఉయ్యాల్లో పాపకు అప్పుడే కునుకు పట్టింది. విప్పలేదు.

పులిహోర తింటుండగా గాలి ఆగిపోయింది. ఒక్క ఆకూ కదల్లేదు. ఎక్కడినుంచో పచ్చి పెయింటు వాసన...

ఉయ్యాల మాత్రం ఊగుతోంది.

"మీరు ఊపినారా?" అంది అమరావతి, గొంతు తగ్గించి.

"లేదే..."

లేచి వెళ్ళాను. పాప ఏడవడం లేదు. ఎవరో చెబుతుంటే వింటున్నట్టు కొమ్మల్లోకి చూస్తోంది. ముడి విప్పబోయాను. ముడి లేదు... నేను కట్టిన చోట బెరడు చీర మీదికి పెరిగి మూసుకుపోయింది. ఉయ్యాల అంచులు మెల్లగా లోపలికి ముడుచుకుంటున్నాయి.

"పాపను తీయండి... బిన్నా తీయండి!"

పళ్ళతో కొరికి చీర చించాను. నేను నేసిన చీరే, ఓ పట్టాన చిరగలేదు. పాపను ఎత్తుకుని పరిగెత్తాం. గాలి లేకుండానే వెనక కాయలు రాలుతున్నాయి. గేటు దగ్గర చెంగల్రాయలు పాప కాలు చూసి తల తిప్పుకున్నాడు.

ఇంటికొచ్చి చూస్తే, కుడి మడమ పైన వేలెడు పసుపు పట్టీ. సబ్బు, కిరసనాయిలు, కొబ్బరినూనె... దేనికీ పోలేదు. డాక్టరు పుట్టుమచ్చ అన్నాడు. పాపకు నడక వచ్చింది, మాటలు వస్తున్నాయి. మేమూ ఆ భయాన్ని మరిచిపోతూ వచ్చాం.

ఏడాది తిరిగింది. ఈ పొద్దున లేచేసరికి తలుపు గడియ వేసినట్టే ఉంది. నిద్రపోతున్న పాప కాలికి దుప్పటి సర్దబోయాను. నా వేలికి పసుపు రంగు అంటింది.

పట్టీ ఇంకా ఆరలేదు...