పావు అంగుళం

ఆ ఉదయం కోడలు కాఫీ గ్లాసుతో పాటు ఒక భూతద్దం కూడా తెచ్చి మామగారి ముందు పెట్టింది.

"పాత కామిక్ పుస్తకాలకు గ్రేడు వేయడం నేర్చుకుంటానన్నారుగా మామయ్యగారూ? ఇవాళే మొదలు."

ఆయన బైండింగ్ మేస్త్రి. నలభై ఏళ్లు కత్తి పట్టి ఈమధ్యే కొట్టు మూసేశాడు. ఆయన కత్తి ఎత్తితే గాలి ముందుగానే రెండు చీలికలై దారిచ్చేదట. నమ్మకపోతే మీ ఇష్టం. కోడలు పాత కామిక్‌ల దుకాణంలో పనిచేస్తుంది. పుస్తకం ఎంత చెక్కుచెదరకుండా ఉందో చూసి, పదికి ఇన్ని అని చెప్పడం ఆమె పని.

కోడలు ప్రేమతో నేర్పుతోందనుకున్నాడు మేస్త్రి. ప్రేమా పాడూ ఏమీ కాదు, అచ్చంగా పగ.

కిందటి నెల ఆమె పుట్టింటికి వెళ్లి వచ్చేసరికి, చనిపోయిన అన్నయ్య ఆమెకు వదిలివెళ్లిన ముప్పై రెండు కామిక్‌లూ ఒకే అట్టలో కుట్టేసి ఉన్నాయి. అంచులు మూడు పక్కలా నున్నగా కోసేసి ఉన్నాయి. అన్నయ్య ఆ అంచుల వెంబడే పెన్సిల్‌తో నిలువుగా చెల్లెలికి కబుర్లు రాసేవాడు.

"ఆ పిచ్చిగీతలన్నీ ఎగిరిపోయాయి తల్లీ! ఎలా ఉంది?" అని మురిసిపోయాడు మామగారు.

"బాగుంది," అంది. ఆ మాట నమ్మినవాడు ఆ ఇంట్లో ఆయనొక్కడే. భర్త ఆ వారమంతా ఉప్పు అడగడానికి కూడా భయపడ్డాడు.

అరిస్తే ఆయనకు అరుపే వినిపిస్తుంది, చేసిన పని కనిపించదు. ముందు చూసే కళ్లివ్వాలి, ఆ తర్వాత ఆ కళ్లకే చూపించాలి. కోడలు పళ్లబిగువున నెల రోజులు పాఠం చెప్పింది.

"దీని సంగతేంటి?"

"వెన్ను మీద మడత. రంగు లేచింది. ఎనిమిదికి మించదు."

"దీనికి?"

"పిన్ను తుప్పు పట్టింది. ఐదు. తీసేసి కొత్తది కొడితే పోలా?"

"పోదు. మనం చెయ్యి పెట్టి బాగుచేస్తే ఇంకా దిగజారుతుంది. తుప్పుతో ఉన్నదే నయం."

"ఇదెక్కడి లోకమే!" అని ఆయన తల గోక్కున్నాడు గానీ, పట్టు వదల్లేదు. నెల తిరిగేసరికి ఎదురింటి గోడ మీద పాకే చీమకు ఎన్ని మార్కులో కిటికీలోంచే చెప్పగలిగేవాడు.

ఆదివారం కోడలు ఒకే సంచిక ప్రతులు రెండు బల్ల మీద పెట్టింది. ఒకటి దుకాణంలోది, రెండోది మామగారి కుట్టు విప్పి తీసినది. భర్తను కూడా పిలిచి కూర్చోబెట్టింది.

మేస్త్రి మొదటిది తిరగేశాడు. "తొమ్మిది." రెండోదాన్ని దాని మీద పెట్టి, అంచు మీద గోరు నడిపాడు. "పావు అంగుళం తక్కువ. మూడు పక్కలా కోసేశారు. పైగా కుట్టు కన్నాలు. ఎవడే ఈ కసాయి..."

ఆ కన్నాల ఎడం మీద ఆయన వేలు ఆగిపోయింది. నలభై ఏళ్లుగా ఆ ఎడం ఆయన చేతిదే.

"ఆగారేం? గ్రేడు చెప్పండి."

"ఇక చాల్లే," అన్నాడు భర్త.

"చాలదు! ఆయన నోటితోనే రావాలి."

"అర," అన్నాడు మేస్త్రి. "పదికి అర."

"మా అన్నయ్య ఆస్పత్రి మంచం మీంచి పంపిన చివరి పుస్తకం ఇది. మీకు పిచ్చిగీతలు. నాకు వాడి చేతిరాత ఇంకెక్కడా లేదు."

నెల రోజులుగా ఆమె ఎదురుచూసిన ముఖం అదే. తీరా చూశాక అది ఆమెకు రుచించలేదు.

మేస్త్రి లేచి అద్దాల బీరువా తెరిచాడు. తోలు అట్ట నిఘంటువు తీశాడు. కామిక్‌లు కుట్టిన వారంలోనే బైండు చేసిన ఆ పుస్తకాన్ని కొడుకును కూడా ముట్టుకోనివ్వలేదు. జీవితంలో అంత మంచి పని చేయలేదని వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. దాని వెన్నులోకి నిలువునా కత్తి దించాడు.

"నాన్నా!"

"కోసిన అంచుల తరుగు పారేసే అలవాటు లేదురా నాకు. వెన్ను గట్టిగా ఉండాలని లోపల కుక్కుతాను."

కాగితపు పీలికలు బల్ల మీద రాలాయి. కోడలు ఒక్కొక్కటీ భూతద్దం కింద పెట్టి వెతికింది. ఒకదాని మీద వంకర పెన్సిల్ అక్షరాలు కనిపించాయి: "ఏడవకే మొద్దూ, వచ్చే సంచికలో ఈ హీరో మళ్లీ లేస్తాడు."

ఆమె ఆ పీలికను గుండెకు అదుముకుంది.

"అతికిస్తాను తల్లీ," అన్నాడు మేస్త్రి. "ఒక్కోటీ వెతికి అతికిస్తాను. కాస్త మైదా జిగురు కాచి పట్రా."

"అతికిస్తే గ్రేడు ఇంకా తగ్గుతుంది మామయ్యగారూ."

"అర నుంచి ఇంకెక్కడికే తగ్గేది?"

ఆమెకు నవ్వొచ్చింది, నవ్వుతో పాటే ఏడుపూ తన్నుకొచ్చింది. వంటింట్లోకి వెళ్లి జిగురు కాచి తెచ్చింది. మేస్త్రి రెండు వేళ్ల మధ్య రాసి చూశాడు.

"ఉండలు కట్టింది. ఆరు."

"ఏడన్నా వెయ్యండి," అంది కోడలు కళ్లు తుడుచుకుంటూ, మొదటి పీలిక ఆయన చేతికందించి.