సముద్రం చూడని అక్కయ్య

“అమ్మా...!”

పెద్దగా ఏడుపు వినిపించేసరికి పుష్పవతి చేతిలోని చేటను అక్కడే వదిలేసి వసారాలోకి పరుగెత్తింది. గడప తట్టుకుని బోర్లా పడింది వాసవి. పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. “నా తల్లే... నా బంగారమే...!” అంటూ ఎత్తుకోబోయిందో లేదో, ఆ పసిది ఆమె చేతుల్ని విదిలించి కొట్టి, ఏడుస్తూనే వంటింట్లోకి పరుగు తీసింది. అక్కడ పొయ్యి దగ్గర ఉన్న పెద్దకోడలు జ్ఞానప్రసూనాంబ కాళ్ళను కరుచుకుపోయి, “అమ్మా... అమ్మా...” అని వెక్కిళ్ళు పెట్టింది. కన్నతల్లి చాచిన చేతులు చాచినట్టే ఉండిపోయాయి!

జగ్గయ్యపేటలో మిరపకాయల వ్యాపారం చేసే అన్నదమ్ములు పుల్లయ్య, భవానీప్రసాద్‌లది ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. పుల్లయ్య భార్య ప్రసూనాంబకు కడుపు పండలేదు. తమ్ముడి భార్య పుష్పవతికి లేక లేక వాసవి పుట్టింది. పాప ఇంకా పొత్తిళ్ళలో ఉండగానే పుష్పవతికి క్షయ అని తేలింది. పాలు మాన్పించి, బిడ్డను తోడికోడలి ఒళ్ళో పెట్టి శానిటోరియానికి వెళ్ళిపోయిందా తల్లి. వెనక్కి తిరిగి చూస్తే కాళ్ళు కదలవేమోనని తిరిగి కూడా చూడలేదు! “పాపకు అంటుకుంటుందేమో, నా దగ్గరికి తేవద్దండీ” అని తనే మొగుడితో ఒట్టు వేయించుకుంది. ఏడాదిన్నర గడిచింది. జబ్బు పూర్తిగా నయమై ఇంటికొచ్చేసరికి ఇల్లంతా గంతులేస్తూ తిరుగుతోంది వాసవి. తల్లి ముఖం మాత్రం ఎరగదు...

ఆ సాయంత్రం పాపకు అన్నం కలుపుతూ ప్రసూనాంబ మెల్లగా అంది. “పుష్పా! నేను కొన్నాళ్ళు జి.కొండూరు మా అన్నయ్యగారింటికి పోయొస్తా. నేను కళ్ళెదుట ఉన్నంతకాలం ఇది నీ దగ్గరికి రాదు.”

“వద్దక్కయ్యా” అనాలి. అనలేకపోయింది పుష్పవతి! వెళ్తేనే బాగుండునని మనసులో ఏ మూలనో అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే రోత పుట్టి, ముఖం పక్కకు తిప్పుకుంది.

భవానీప్రసాద్ కల్పించుకున్నాడు. “ఇల్లొదిలి నువ్వెందుకు పోవాలి వదినా? మేమే నాలుగు రోజులు బందరు వెళ్ళొస్తాం. నయమైతే పాపని మంగినపూడి తీసుకెళ్ళాలని పుష్ప ఎప్పట్నుంచో అంటోంది.”

నిజమే. నందిగామలో పెరిగిన పుష్పవతి చిన్నప్పుడు ఏటేటా మాఘ పౌర్ణమికి అమ్మతో కలిసి బందరులో సీతారావమ్మ పిన్ని ఇంటికి వెళ్ళేది. అక్కడి నుంచి బండి కట్టించుకుని మంగినపూడి సముద్ర స్నానానికి పోయేవాళ్ళు. శానిటోరియం మంచం మీద దగ్గు తెర ఆగిన ప్రతిసారీ ఆమెకు ఆ అలల చప్పుడే జ్ఞాపకం వచ్చేది.

“మరి నువ్వూ రా వదినా. సముద్రం చూసినట్టుంటుంది.”

“నాకెందుకయ్యా సముద్రం! మీ ముగ్గురూ వెళ్ళండి” అని ప్రసూనాంబ పాప గౌన్లు మడతపెట్టడానికి లేచింది.

బస్సు కదిలింది మొదలు బెజవాడ దాకా వాసవి ఏడుపు ఆపలేదు. బిస్కెట్టిస్తే విసిరికొట్టింది. ఒళ్ళోకి తీసుకుంటే విల్లులా వంగిపోయింది. “పెంచిన ఆవిడ దగ్గర్నుంచి లాక్కొస్తున్నారు కాబోలు, పాపం!” అని వెనక సీటులో ఎవరో అనడం విని పుష్పవతి పైటకొంగు నోట్లో కుక్కుకుంది.

రాత్రి బందరులో పిన్ని ఇంట్లో దిగి, మర్నాడు పొద్దున్నే మంగినపూడి వెళ్ళారు. ఉప్పెన తర్వాత ఒడ్డు తీరే మారిపోయిందని పిన్ని చెప్పింది కానీ, ఆ నల్లటి ఇసుకా ఆ హోరూ పుష్పవతికి అలాగే ఉన్నాయి. తల్లికి దూరంగా, తండ్రి పక్కన నిలబడి బిక్కుబిక్కుమంటూ చూస్తోంది వాసవి. ఉన్నట్టుండి ఓ అల వచ్చి పాప పాదాల కింద ఇసుకను లాగేసింది. కెవ్వుమని అరిచి, పట్టుకోవడానికి దగ్గరికొచ్చిన పుష్పవతి చీర కుచ్చిళ్ళను రెండు గుప్పిళ్ళా పట్టేసుకుంది! పుష్పవతి వంగి ఎత్తుకుంటే ఈసారి విదిలించలేదు. రెండో అల వచ్చింది. “పోయింది... చూడు, పోయింది!” అంది తల్లి. “పోయింది” అని పాప కూడా నవ్వింది. ఆ చిన్న బరువు తన చంకలో ఇమిడిన క్షణాన ఇక దేవుణ్ణి ఏమీ అడగక్కర్లేదనిపించింది పుష్పవతికి!

కానీ బందరు తిరిగొచ్చాక ఓ చిత్రం జరిగింది. పిన్ని ఇంట్లో గోడకు పుష్పవతి పెళ్ళి ఫోటో వేలాడుతోంది. నిండుగా పూలజడతో, బొద్దుగా ఉన్నప్పటి ఫోటో. దాన్ని చూస్తూనే వాసవి గబగబా చేతులు జోడించింది. “పువ్వమ్మకి తగ్గాలి... జేజే! పువ్వమ్మ రావాలి... జేజే!”

పుష్పవతి గిరుక్కున మొగుడి వైపు తిరిగింది. “ఇదెవరు నేర్పారండీ దీనికి?”

“వదిన” అన్నాడు భవానీప్రసాద్. “నువ్వొచ్చేదాకా రోజూ దీపం పెట్టగానే మన గదిలో ఇదే ఫోటో చూపించి దణ్ణం పెట్టించేది. ‘ఇదే మీ అమ్మ, పువ్వమ్మ’ అని చెప్పేది. ఇంత చిక్కిపోయి వచ్చేసరికి పసిది నిన్ను పోల్చుకోలేదు.”

“మరి అక్కయ్యని అమ్మా అంటుందేం?”

“పెద్దమ్మా అనమనే చెప్పేది వదిన. దానికి నోరు తిరగలేదు. పెద్ద పోయి అమ్మ మిగిలింది!”

పుష్పవతి మళ్ళీ ఆ ఫోటో వంక చూసింది. పిల్లలు లేని మనిషి... చేతికి దొరికిన బిడ్డకు రోజూ వేరే తల్లిని చూపించి, ఆమె రావాలని దణ్ణం పెట్టించింది! అటువంటి మనిషి ఇల్లొదిలి పోతానంటే తను వద్దని ఒక్క మాట అనలేదు!

“ఏమండీ! కొట్టుకి ట్రంకాల్ చెయ్యండి. అక్కయ్య రావాలి. రాకపోతే నేనే వచ్చి కాళ్ళు పట్టుకుని తీసుకొస్తానని చెప్పండి...!”

ఏనాడూ కొట్టు మూసి ఎరగని పుల్లయ్య ఆ మర్నాడు తాళం వేసి, భార్యను వెంటబెట్టుకుని స్వయంగా బందరు వచ్చాడు. వాసవి పరుగున వెళ్ళి ప్రసూనాంబ మెడకు చుట్టుకుంది. ఆమె బెదురుగా పుష్పవతి వంక చూసి, పాపను దింపబోయింది.

“దింపకు అక్కయ్యా” అంది పుష్పవతి. “నన్ను క్షమించు. ఆ రోజు నువ్వు పోతానంటే నాకు సంతోషం వేసింది.”

“పిచ్చిదానా, నాకు తెలీదూ!” ప్రసూనాంబ కళ్ళు తుడుచుకుంది. “నాకు మాత్రం నువ్వొచ్చిన రోజున గుండె జారిపోలేదా? నేనూ మనిషినేగా...”

సాయంత్రం అందరూ సముద్రానికి వెళ్ళారు. పాప పెదనాన్న భుజమెక్కి కూర్చుంది. మెట్ట ఊళ్ళో పుట్టి మెట్ట ఊరికే కోడలైన ప్రసూనాంబ అంత నీటిని చూసి తడి ఇసుక దగ్గరే ఆగిపోయింది. పుష్పవతి చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది. మోకాళ్ళ లోతులో ఉండగా ఎదురుగా తెల్లటి నురగతో పెద్ద అల లేచింది.

“అమ్మో! చెయ్యి వదిలెయ్యవుగా పుష్పా?”

“నువ్వు నా బిడ్డని వదిలావా అక్కయ్యా!”

అల వచ్చి ఇద్దర్నీ భుజాల దాకా తడిపేసింది. ప్రసూనాంబ ఉక్కిరిబిక్కిరై, తేరుకుని, చిన్నపిల్లలా పకపకా నవ్వింది. “ఇంకోటొస్తోంది... ఉండు, ఉండు!” అంటూ తనే పుష్పవతిని ముందుకు లాగింది.