మెట్ల కింద ఇద్దరు

"అయ్యో! అయ్యయ్యో! ఎవరండీ మీరు? ఏం చేస్తున్నారు?"

చేతిలో టీ గ్లాసుతో గుమ్మంలోనే నిలబడిపోయాడతను. బల్ల మీద అతను కట్టిన స్కూలు బిల్డింగు ఉంది. ఉంది అనడం కంటే సగం ఉంది అనడం నయం. కప్పు నడిమధ్య గుప్పెడంత కన్నం. ఆ కన్నం మీదికి వంగి, పట్టకారుతో ఒక్కో పెంకూ పీకుతోంది ఎవరో అమ్మాయి.

ఆమె తలెత్తలేదు. "బాంబు పడిందండీ," అంది.

"ఎక్కడ?"

"ఇక్కడే. మీ స్కూలు మీద."

"నెలంతా కూర్చుని కట్టానండీ దాన్ని! ఆ పెంకులు ఒక్కొక్కటీ అట్టలోంచి కత్తిరించి, రంగేసి, అతికించి..."

"తెలుస్తూనే ఉంది. ఎంత గట్టిగా అతికించారంటే, పీకలేక ప్రాణం పోతోంది."

"కనీసం ముందు ఒక్క మాట చెప్పొచ్చుగా?"

అప్పుడు తలెత్తి చూసింది. ముక్కు మీద ప్లాస్టర్ పొడి. "చెప్పి పడుతుందా?" అంది.

ఆ కళ్ళను చూశాక, తర్వాత అనాల్సిన మాట ఏమిటో అతనికి ఎంతకీ గుర్తు రాలేదు.

మ్యూజియం వెనక రేకుల షెడ్డులో జరుగుతున్న పని అది. ఎప్పుడో తాతల కాలంలో యుద్ధం వచ్చినప్పుడు ఆ ఊరి పాతపేట మీద బాంబులు పడ్డాయి. ఆ మర్నాటి ఉదయం పేట ఎలా ఉందో, గదంత బల్ల మీద బొమ్మ ఇళ్ళతో అచ్చంగా చూపించాలని మ్యూజియం వాళ్ళు పూనుకున్నారు. అలాంటి ఇళ్ళు బజారులో దొరికే కిట్లలో ఉండవు. పాత ఫొటోలు చూసి, అట్టా, తేలికపాటి బాల్సా చెక్కా, ప్లాస్టిక్ షీటూ కోసి, ఒక్కొక్క ఇంటినీ మొదటి నుంచి కట్టుకోవాల్సిందే. కట్టడం అతని పని. కట్టినవాటిని కూల్చడానికి ఎవరో వస్తారని ఇన్‌చార్జి చెప్పాడు కానీ, ఆ ఎవరో ఇంత చక్కగా ఉంటుందని చెప్పలేదు.

ఆ రోజు నుంచి ఆమె అతనికి బాంబుగారు. అతను ఆమెకి చిట్టిమేస్త్రీ.

"బాంబుగారూ, ఇవాళ ఎవరి కొంప కూలుస్తున్నారు?"

"టైలరు షాపు. త్వరగా కట్టండి చిట్టిమేస్త్రీ, చేతులు దురదపెడుతున్నాయి."

మొదటిసారి అలా పిలిచినప్పుడు ఆమె ఒక్క క్షణం అతని వంక అదోలా చూసింది. తర్వాత నవ్వేసింది. నవ్విందిగా అని అతను ఆ పేరే ఖాయం చేశాడు.

ఒకసారి పంతానికి పోయి, తనే ఒక ఇంటిని కూల్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది కూలిన ఇల్లా? ఎలుకలు కొరికిన అట్టపెట్టెలా ఉంది."

"అంత లేదు!"

"చూడు. గోడ ఇలా సమానంగా ఊడదు. మూలలు నిలబడతాయి. మేడ మీది నేల మొత్తం కింద పడదు, ఒక పక్క పట్టుకుని వేలాడుతుంది. కప్పు లోపలికే పడుతుంది. అంతా పోయినా, గోడకి తగిలించిన అద్దం ఒక్కోసారి పగలకుండా అలాగే ఉంటుంది."

మాటల్లో మీరు పోయి నువ్వు వచ్చింది. అతను గమనించాడు. అందుకే ఆ అద్దం సంగతి సరిగ్గా వినలేదు.

"ఇవన్నీ నీకెలా తెలుసు?"

"పని చేస్తుంటే తెలుస్తాయిలే. ఆ అగ్గిపుల్లలిటివ్వు, దూలాలు కాల్చాలి."

వానాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం రేకుల మీద వాన దంచికొట్టింది. కరెంటు పోయింది. ఉరుము ఉరిమేసరికి ఆమె చప్పున లేచి వెళ్ళి గుమ్మం కింద నిలబడింది.

"అమ్మో! ఊరంతా కూల్చే బాంబుగారికి ఉరుమంటే భయమా?"

"భయం కాదు. గాలి కోసం."

"మరి ఈ చల్లగాలికి ఆ చెమటలేంటి?"

"నోరు ముయ్యి." కాసేపు వాన చూసింది. మళ్ళీ ఉరిమింది. తనంతట తనే గబగబా మొదలుపెట్టింది. "మా ఇంటి సంగతి చెప్పనా? చిన్నప్పటిది. మేడ ఇల్లు. నీలం తలుపు. మేడ మీదికి మెట్లు బయట నుంచి ఉండేవి. ఆ మెట్ల కింద ఇంతే చోటు. నేనూ తమ్ముడూ అందులో దూరి దాక్కునేవాళ్ళం. వాడికి నవ్వాగేది కాదు, నోరు నొక్కి పట్టుకునేదాన్ని. అమ్మ ఎదురుగా నిలబడి, ఎక్కడికి పోయారే వీళ్ళు, అని వెతికినట్టు నటించేది."

చెబుతుంటే ఆమె మొహం వెలిగిపోయింది. వాన తుంపర బుగ్గల మీద పడుతున్నా తుడుచుకోలేదు. అలా చూస్తూ వానాకాలమంతా గడిపేయొచ్చు అనిపించింది అతనికి.

"ఇప్పుడు ఆ ఇల్లేం చేశారు?"

"అమ్మేశాం అనుకో."

"అనుకోవడమేంటి?"

"వాన తగ్గింది. పద, పనుంది."

చిన్నప్పుడే వేరే దేశం నుంచి వచ్చేశామనీ, ఇప్పుడు ఇంట్లో నాన్నా తనూ మాత్రమేననీ చెప్పింది. అంతకు మించి ఆమె చెప్పలేదు, అతను అడగలేదు. ప్రేమించిన అమ్మాయి నోటి వెంట నీలం తలుపు అన్న మాట విన్నాక, అతని బుర్రలో ఇంకో ఆలోచనకి చోటు లేకుండా పోయింది.

ఇంట్లో వంటింటి పక్క బల్ల మీద ఆ ఇల్లు కట్టడం మొదలుపెట్టాడు. పనిలో మాటల మధ్య ఆరా తీసేవాడు. కిటికీ ఊచలు నిలువా, అడ్డమా? మేడ మీద నీళ్ళ తొట్టి ఏ పక్క? ఆమె హుషారుగా చెప్పేది. పారేసిన ప్లాస్టిక్ డబ్బా కోసి కిటికీ అద్దాలు పెట్టాడు. సూదితో గీసి ఇటుకల వరసలు తెచ్చాడు. లోపల చిన్న బల్బు అమర్చాడు.

వాళ్ళమ్మ చూసి బుగ్గలు నొక్కుకుంది. "కోడల్ని తెస్తాడు కదా అనుకుంటే, వీడు ముందు ఇల్లు కట్టుకుంటున్నాడేమిట్రా దేవుడా!"

"కోడలి కోసమేనమ్మా."

"అయితే ఇంకాస్త పెద్దది కట్టకపోయావా? నేనెక్కడ పట్టాలి?"

మర్నాడు షెడ్డులో ఆమె పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ఆదివారం మా అమ్మ మీ ఇంటికి వస్తానంటోంది."

"ఎందుకు?"

"చూడ్డానికి."

"ఇల్లా? మాదే అద్దెకొంప."

"ఇల్లు కాదు, ఇంట్లో అమ్మాయిని."

పట్టకారు ఆమె చేతిలోంచి జారి శిథిలాల మధ్య పడింది. దాన్ని వెతుక్కుంటూ చాలాసేపు తలెత్తలేదు. చెవులు మాత్రం ఎర్రగా కనిపించాయి. "మా నాన్న ఎక్కువ మాట్లాడరు," అంది చివరికి. "మీ అమ్మగారిని ఏమీ అనుకోవద్దని చెప్పు."

ఆదివారం వెళ్ళారు. వాళ్ళ నాన్న సన్నగా, గడ్డం నీటుగా గీసుకుని ఉన్నాడు. ఆయన మంచం లోపలి గదిలో కాకుండా వీధి తలుపు పక్కనే ఉంది. అమ్మ దాని మీదే చనువుగా కూర్చుని, బస్సులో రద్దీ దగ్గర్నుంచి తన మోకాలి నొప్పి దాకా అన్నీ చెప్పేసింది. ఆయన నవ్వాడు. నవ్వడం చూసి, తలుపు చాటు నుంచి ఆమె కూడా నవ్వింది. అంతా సవ్యంగా ఉంది.

అప్పుడతను ఒళ్ళోని మూట విప్పి బల్ల మీద పెట్టాడు. స్విచ్చి నొక్కాడు. చిన్న కిటికీల్లో దీపం వెలిగింది. నీలం తలుపు, బయట మెట్లు, మేడ మీద తొట్టి. మెట్ల కింద గోరంత బొమ్మలు రెండు, ముడుచుకుని కూర్చుని. అక్క చెయ్యి తమ్ముడి నోటి మీద.

టీ కప్పులతో వస్తున్న ఆమె నడి గదిలో ఆగిపోయింది.

వాళ్ళ నాన్న వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. "నీలం ఇంకాస్త ముదురు," అన్నాడు.

"సరిచేస్తానండీ," అన్నాడతను పొంగిపోతూ.

ఆయన వేలు మెల్లగా మెట్ల కిందికి వెళ్ళింది. "వీడు ఇక్కడే ఉన్నాడు."

"అవునండీ. దాక్కున్నారు."

"నేనే ఉండమన్నాను. విమానాలు పోయేదాకా కదలొద్దన్నాను. ఇది గట్టి చోటన్నాను." ఆయన గొంతులో ఏ ఒడుదుడుకూ లేదు. "ఈ పిల్ల దాహమేసి నీళ్ళకని బయటికొచ్చింది. వాడు రాలేదు. వాడు నా మాట విన్నాడు."

అమ్మ చెయ్యి నోటి మీదికి వెళ్ళింది. ఆ అమ్మాయి కప్పుల ట్రే కింద పెట్టింది.

"మీరు వెళ్ళండి," అంది.

అతను ఆ ఇంటిని తీసుకోబోయాడు. ఆయన రెండు చేతులూ దానికి అడ్డం పెట్టాడు. "ఉంచు బాబూ."

తర్వాత చాలా రోజులు ఆమె పనికి రాలేదు. వచ్చిన రోజున అతను లేచి నిలబడ్డాడు. ఆమే మొదలుపెట్టింది.

"నీ తప్పేం లేదు."

"నాకు చెప్పి ఉండొచ్చుగా."

"ఎప్పుడు చెప్పాలి? బాంబుగారూ అని పిలిచినప్పుడా?"

అతనికి చెంప మీద కొట్టినట్టయింది. "మరి నవ్వావు కదా..."

"నిజంగానే నవ్వాను. నువ్వు అంటుంటే అది మామూలు మాటలా వినబడేది. నీ దగ్గర ఉన్నంతసేపే అలా ఉండేది." మొహం తిప్పుకుంది. "నాన్న ఆ బొమ్మ ఇంటి ముందే కూర్చుంటున్నారు. తిండీ అక్కడే. పిల్లాణ్ణి బయటికి తియ్యమ్మా అంటున్నారు. తీయబోయాను. నా చేతులు ఆడలేదు. ఇన్ని కొంపలు కూల్చాను, ఒక్క బొమ్మని పీకలేకపోయాను. ఒక్కసారి వచ్చి తీసిపెట్టు."

ఆ సాయంత్రమే వెళ్ళాడు. సన్న బ్లేడు, జిగురు కరిగించే మందూ పట్టుకెళ్ళాడు. వాళ్ళ నాన్న అతని భుజం మీదుగా వంగి చూస్తున్నాడు. మెట్లకు దెబ్బ తగలకుండా, అక్క చెయ్యి విరగకుండా, తమ్ముణ్ణి విడదీసేసరికి అతని చొక్కా తడిసిపోయింది. బొమ్మని తీసి ఆయన అరచేతిలో పెట్టాడు.

ఆయన పిడికిలి మూశాడు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

"నీది మంచి చెయ్యి బాబూ," అన్నాడు. "మా అమ్మాయిని చేసుకో. నాకిష్టమే."

అతను ఆమె వంక చూశాడు. ఆమె చెప్పులు వేసుకుంటోంది. "వీధి చివరిదాకా వస్తాను, పద."

బస్టాపు దగ్గర ఆమె ఆగింది.

"నువ్వు ఎలాగూ అడుగుతావు, అందుకే నేనే చెప్తున్నా. నువ్వంటే నాకిష్టం. చాలా ఇష్టం."

"మరింకేంటి?"

"ఇన్నేళ్ళు పట్టింది నాన్నని ఆ ఇంట్లోంచి బయటికి లాక్కురావడానికి. నువ్వొచ్చి ఒక్క మధ్యాహ్నంలో మళ్ళీ లోపల కూర్చోబెట్టావు."

"తెలియక చేశాను!"

"తెలుసు. కోపం లేదు. కోపమైనా బాగుండేది, ఏదో రోజు తగ్గేది. నిన్ను చూస్తే ఆ మెట్లే కనబడుతున్నాయి. నువ్వు ఎంత బాగా కట్టావంటే... నేను మర్చిపోయినవి కూడా ఉన్నాయి అందులో. వాటిని రోజూ ఎదురుగా పెట్టుకుని కాపురం చెయ్యలేను."

"ఆగుతాను. ఎన్నాళ్ళైనా సరే."

"ఆగకు. నువ్వు ఆగుతున్నావని తెలిస్తే నాకు ఇంకా కష్టం." చున్నీ అంచుతో కళ్ళద్దుకుంది. "మిగతా వీధి పూర్తి చేస్తాను. నువ్వు పొద్దున పూట రా, నేను మధ్యాహ్నం నుంచి వస్తా. కట్టి బల్ల మీద పెట్టి వెళ్ళు చాలు."

బస్సు వచ్చింది. అతను ఎక్కలేదు. ఆమె వెనక్కి నడిచి వెళ్ళిపోయింది. మలుపు దాకా చూశాడు, తిరిగి చూస్తుందేమోనని. చూడలేదు.

ఇంటికి నడిచే వచ్చాడు. గుమ్మంలోనే అమ్మ ఎదురైంది.

"ఏరా, ఏమన్నారు?"

"వాళ్ళ నాన్న ఒప్పుకున్నారమ్మా."

"నే చెప్పలా! ఆ పెద్దమనిషి మొహం చూసినప్పుడే అనుకున్నా, మనసు వెన్న అని. పాపం, ఎంత బాధ పెట్టుకున్నాడో లోపల. నేను బాగా చూసుకుంటానురా ఆ పిల్లని. నా కూతురిలాగే చూసుకుంటా. ఆయన్ని కూడా మన దగ్గరికే..." అమ్మ మధ్యలో ఆగి అతని మొహంలోకి చూసింది. "ఒరేయ్. అమ్మాయేమంది?"

అతను చెప్పులు విప్పడానికని వంగాడు. ఎంతసేపటికీ లేవలేదు.