కాయితం లేని మడి

చద్దన్నం తింటూ తింటూ నరసింగరావు పెద్ద మాట చిన్నగా అనేశాడు.

“రేపు నరసన్నపేట నుంచి మిల్లాయన వస్తాడు. గెడ్డ పక్క మడి అమ్మేస్తన్నాను. తాయారుకి ఇంత తిండి మనమే పెడదాం.”

తలుపు చాటు నుంచి అతని మరదలు తాయారు ఆ మాట వింది. భర్త పోయిన కొత్తలో ఆమె బతుకుతెరువుకి, మనోవర్తి కింద, ఆ వాగు పక్క మడి ఇచ్చింది ఈ బావగారే. అప్పట్నుంచీ దాని పంటతోనే ఎవరి చెయ్యీ చూడకుండా బతుకుతోంది. ఇక ముద్ద ముద్దకీ ఒకరి మొహం చూడాలన్నమాట.

వాల్తేరులో లా చదువుతూ సెలవులకొచ్చిన నరసింగరావు కూతురు నీలవేణి తినడం ఆపేసింది.

“పిన్ని మడి నువ్వెలా అమ్ముతావు నాన్నా?”

“ఆడదానికి అనుభవించడమే గాని సొంతమేటే? మీ తాత పుస్తకంలో ఉన్నాది, సూసుకో.”

శ్రీకాకుళంలో ప్లీడరు గుమస్తాగా చేసిన తాతగారి పుస్తకమంటే ఆ ఇంట్లో వేదం. నీలవేణి దాని మొదటి పేజీ చూసి నవ్వింది.

“ఇది తెల్లోళ్ల కాలం నాటిది. సెక్షన్ చదివే ముందు ఆ చట్టం ఇంకా బతికుందో లేదో చూడమన్నదే మా మొదటి పాఠం. యాభై ఆరులో వారసత్వానికి కొత్త చట్టమొచ్చింది నాన్నా.”

పెట్టెలోంచి ఆ చట్టం తెచ్చి పద్నాలుగో సెక్షన్ విప్పి చెప్పింది. “మనోవర్తి కింద వచ్చినదైనా సరే, ఆడమనిషి చేతిలో ఉన్న ఆస్తి పూర్తిగా ఆవిడదే.”

చెప్పిందే గాని ఆ పేజీ మీంచి వేలు తియ్యలేదు. దాని కిందే ఇంకో క్లాజుంది. సగం చదివి గంతులేసేవాళ్లు కోర్టులో బోర్లా పడతారని మేష్టారు ఊరికే అనలేదు. ఆ క్లాజు ప్రకారం, బతికున్నంతవరకే అనుభవించమని కాగితం మీద రాసిచ్చి ఉంటే పిన్నికి చిక్కే. అయినా అడక్క తప్పదు.

“అప్పుడు పిన్నికి ఏమైనా రాసిచ్చావా?”

నరసింగరావుకి రోషం పొడుచుకొచ్చింది. “కాయితమా? ఈ ఇంట్లో మనోళ్ల మద్దిన కాయితాలేటే? నోటి మాటిచ్చినాను. ఊరందరికీ తెలుసు.”

“అయితే అడ్డొచ్చే కాగితం లేదు, మడి పిన్నిదే నాన్నా. నువ్వే సాక్షివి.”

“మళ్లీ సెప్పు,” అన్నాడు. ఈసారి రెండు క్లాజులూ విప్పి చెప్పింది. కోపం రావలసిన చోట అతనికి కూతుర్ని చూసి గర్వం వచ్చింది, వెనకాలే సిగ్గూ వచ్చింది.

“తాయారూ, తప్పయిపోనాది. మడి నీదే.”

తాయారు నీలవేణిని కావలించుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

మర్నాడు మిల్లాయన రాగానే తాయారే వాకిట్లోకి వచ్చింది. “ఆ మడి నాదండి. అమ్మను.”

ఆయన తెల్లబోయి నరసింగరావు కేసి చూశాడు.

“నన్ను సూత్తావేటి? సట్టం ఆవిడి పక్కనున్నాది,” అన్నాడు నరసింగరావు, వీధంతా వినపడేలా. “మా గుంట నీలవేణి సదివి సెప్పింది.”